ఆగమ్మ ఎడమ దవడ

సంగప్పకు కోపం రాదన్నది ఆయన సొంతూరు కర్దనూర్‌లో అందరూ ఒప్పుకున్న సంగతి. గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో ఇరవై ఎనిమిదేళ్లు బాయిలర్ కాడ పనిచేసిన మనిషి. అంత వేడి పక్కన నిలబడ్డవాడికి ఒంట్లో ఇంకా వేడి ఎక్కడ మిగులుతుందని తోటివాళ్లు ఎగతాళి చేసేవారు. అలాంటివాడు అరవై ఏడో ఏట, కొల్లూరు డబల్ బెడ్‌రూం ఇళ్లలో, ఐదో అంతస్తు వరండాలో నిలబడి, పక్కింటి జైతూన్ బీ మీద కింది అంతస్తుల వాళ్లు కూడా తలుపులు తీసి చూసేటట్టు అరిచాడంటే, ఊరికే అరవలేదు. మూడు వారాలుగా కంటికి కునుకు లేదు. పైగా వచ్చే గురువారం భార్యను వృద్ధుల ఆశ్రమంలో అప్పజెప్పి రావడానికి, అలా అరిచిన దానికి ముందురోజే ఒప్పుకుని ఉన్నాడు. ఒప్పుకున్నప్పటి నుంచీ ఎవరో ఒకరి మీద అరవాలనే ఉంది ఆయనకు. ఎదురుగా జైతూన్ బీ దొరికింది.

ఆయన భార్య ఆగమ్మ. నాట్లు, కలుపులు, కోతలు అని ఒళ్లు విరుచుకున్న మనిషి. పెళ్లయిన కొత్తల్లోనే అత్త చేత ఆకు, వక్క, తంబాకు నేర్చింది. అన్నం లేకపోయినా పూట గడిచేదేమో గాని, తంబాకు లేకపోతే మడిలో వంగేది కాదు. ఎప్పుడూ ఎడమ దవడనే. నలభై ఏళ్లు అక్కడే పెట్టీ పెట్టీ ఆ దవడ సాగిపోయింది. ఆధార్ కార్డు ఫొటోలో కూడా ఒకవైపు ఉబ్బే ఉంటుంది. కార్డు ఇచ్చిన రోజున కూతురు సునంద అది చూసి పడీపడీ నవ్వింది. ఆగమ్మకు కోపమొచ్చి ఆ కార్డును బియ్యం డబ్బాలో దాచేసింది.

మూడేళ్ల కిందట మతిమరుపు మొదలైంది. ముందు పొయ్యి మీద పాలు మరిచింది, తర్వాత పాల మనిషిని మరిచింది, ఆ తర్వాత దారి మరిచి నాలుగు బ్లాకుల అవతల వేరేవాళ్ల తలుపు కొట్టి, నా ఇంట్లో మీరెవరని కొట్లాటకు దిగింది. పెద్ద దవాఖానలో పరీక్షలు చేసి, ఇది తగ్గేది కాదు, పెరిగేది అని చెప్పారు. అప్పటి నుంచి ఆగమ్మకు ఏమొచ్చినా ఇంట్లో ఒక్కటే మాట, "ఆ బీమారే." పండుకోకపోతే ఆ బీమారే. ఏడిస్తే ఆ బీమారే. ఒక రోజు తంబాకుతో పాటు సున్నం గుప్పెడు నోట్లో వేసుకుని నాలుక కాల్చుకుంటే అది కూడా ఆ బీమారే. ఆ రోజే సంగప్ప ఆమె మొలకున్న ఆకుల సంచిని తీసి చెత్త బండిలో వేశాడు. రెండు నెలల పాటు ఆమె మొల తడుముకుంటూ ఇల్లంతా తిరిగింది. చూడలేక ఆయన వరండాలోకి వెళ్లి నిలబడేవాడు. పక్కింటి జైతూన్ బీకి పాన్‌దాన్, అంటే ఆకువక్కల డబ్బా, ఉంది కాబట్టి, ఆగమ్మ అడిగినా ఏమీ ఇవ్వొద్దని చెప్పి వచ్చాడు. ఆమె సరేనంది.

మాటలు కూడా ఒక్కొక్కటే పోయాయి. చివరికి గట్టిగా మిగిలింది ఒక్క మాట, "లేదు". ఆకలైతుందా? లేదు. దూపైతుందా? లేదు. బాత్రూంకు వస్తుందా? లేదు. ఆ లేదన్న అర నిమిషానికే చీర తడిసేది. సంగప్ప గొణుక్కుంటూ నేల తుడిచి, చీర మార్చి, మర్నాడు మళ్లీ అదే అడిగి, అదే జవాబు విని, మళ్లీ బకెట్ తెచ్చేవాడు.

బాయిలర్ కాడ ఇదే మనిషి ఇంకోరకంగా ఉండేవాడు. బాయిలర్‌కు పక్కన ఒక గాజు గొట్టం ఉంటుంది, లోపల నీళ్లు ఎంతున్నాయో అందులో తెలుస్తుంది. డ్యూటీ ఎక్కగానే సంగప్ప చేసే మొదటి పని ఆ గొట్టాన్ని నమ్మకపోవడం. కింద ఉన్న నల్లా తిప్పి, అందులోని నీళ్లన్నీ వదిలేసి, మళ్లీ నిండుతుందో లేదో చూసేవాడు. బాయిలర్ నుంచి గొట్టానికొచ్చే దారిలో చెత్త అడ్డం పడితే, లోపల చుక్క లేకున్నా గొట్టం సగం నిండుగానే కనిపిస్తుంది. అది నమ్మినవాడు బాయిలర్‌తో పాటే పోతాడు. ఒడిశా నుంచి వచ్చిన కొత్త కుర్రాళ్లకు ఈ సంగతి వచ్చీరాని హిందీలో నూరిపోసేవాడు. ఇరవై ఎనిమిదేళ్లలో గాజు గొట్టాన్ని ఒక్క పూట కూడా నమ్మని మనిషి, పెళ్లాం అన్న "లేదు"ను మాత్రం రోజుకు పదిసార్లు నమ్మాడు.

ఈ మూడు వారాల గొడవ అన్నం దగ్గర మొదలైంది. జొన్న రొట్టె పాలలో మెత్తగా నానబెట్టి ముద్ద నోటి దగ్గర పెట్టగానే ఆగమ్మ ఆయన చేతిని ఎగరగొట్టింది. ఇంకోసారి పెడితే ఉమ్మేసింది. మూడోసారి చెంప మీద కొట్టింది. నలభై మూడేళ్ల కాపురంలో ఆమె ఆయన మీద చెయ్యెత్తడం అదే మొదలు. మంచం కుడి పక్క గోడకు ఆనుకుని ఉంటుంది కాబట్టి ఆయన ఎప్పుడూ ఆమె ఎడమ పక్కనే కూర్చుని తినిపించేవాడు. మూతి తుడిచినా కొట్టేది, తల దువ్వినా కొట్టేది. పళ్లు తోమబోతే వేలు కొరికింది, రక్తం కారింది. అప్పటితో పళ్లు తోమడం మానేశాడు. కొంగు తీసి తల చుట్టూ దవడ కిందుగా బిగించుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ కూర్చునేది.

"నొప్పున్నదా?" అని అడిగాడు. అడగలేదని ఎవరూ అనడానికి లేదు.

"లేదు," అంది ఆగమ్మ.

ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి వెళ్లి అడిగితే, ఈ జబ్బు ముదిరితే కొట్టడం మామూలేనని నిద్ర గోలీలు ఇచ్చాడు. గోలీ వేస్తే మత్తుగా పడి ఉండేది, మూతి పక్కనుంచి చొంగ కారేది. మత్తు దిగితే మళ్లీ ఊగడం. మనిషి కళ్లముందే సగమైంది. తినకపోతే చచ్చిపోతుందన్న భయంతో ఒక మధ్యాహ్నం సంగప్ప ఒక పని చేశాడు. భుజం మీది తువ్వాల తీసి ఆమె రెండు మణికట్లూ కలిపి కట్టాడు. కట్టి, గంజి తాగించాడు. సగం లోపలికి పోయింది, సగం మెడ మీదుగా కారింది. ఆమె అరుస్తూనే ఉంది. సగమైనా పోయింది కదా అనుకున్నాడు. తర్వాత బాత్రూంలోకి వెళ్లి నల్లా విప్పి ఏడ్చాడు. సాయంత్రం మళ్లీ కట్టాడు. అలా రోజూ రెండు పూటలు. ఈ సంగతి సునందకు చెప్పలేదు. ఆమె వచ్చిన రోజు తువ్వాలను ఉతికి తీగె మీద ఆరేసి ఉంచాడు.

సునంద సంగారెడ్డిలో ఉంటుంది. ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని, ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఆదివారం వచ్చి తల్లిని చూసి, తండ్రిని ఇంకా ఎక్కువ సేపు చూసింది.

"నాయినా, అద్దంల నీ మొఖం జూస్కున్నవా? గిట్లైతే అమ్మ కన్న ముందుగాల నువ్వే పోతవ్. నేను ఎవలినని సూడాలె?" అని, తను కనుక్కున్న ఆశ్రమం సంగతి చెప్పింది. సంగారెడ్డి అవతల ఉంది. గురువారం తీసుకురమ్మన్నారు.

"కొడ్తదని చెప్పినవా?"

"చెప్పిన. గసొంటోళ్లు శానమంది ఉన్నరంట. గోలి ఇచ్చి పండవెడ్తరంట."

వద్దనడానికి కూడా ఓపిక కావాలి. "సరే బిడ్డా," అన్నాడు సంగప్ప. సునంద అప్పుడే నాలుగు చీరలు, ఒక దుప్పటి, గోలీల డబ్బా, బియ్యం డబ్బాలో వెతికి తీసిన ఆధార్ కార్డు సంచిలో సర్ది పెట్టి వెళ్లింది. ఆమె వెళ్లాక సంగప్పకు ఎక్కడో గుండె మీది బరువు దిగినట్టయింది. దిగినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

సోమవారం పొద్దున ఆగమ్మ ఎడమ దవడ ఉబ్బి కనిపించింది.

అది వాపేమోనన్న అనుమానమే సంగప్పకు కలగలేదు. ఆ దవడ ఉబ్బెత్తుగా ఉండటం ఆయన నలభై ఏళ్లుగా చూస్తున్నదే. ఏమి తిన్నా ఉమ్మేస్తున్నది, మొఖం దగ్గరికి చెయ్యి రానివ్వడం లేదు, నోరు కంపు కొడుతున్నది. ఇంకేముంది, దొంగచాటుగా తంబాకు దొరుకుతున్నది, అది ఎక్కడ తీసేస్తారోనని కొడుతున్నది! ఇన్నాళ్ల లెక్క ఒక్కసారిగా తేలినట్టయింది ఆయనకు. నేను పస్తులుండి, నిద్ర మానుకుని దీన్ని బతికించుకుందామని చూస్తుంటే ఇచ్చేవాళ్లు ఇస్తున్నారా అని, చెప్పులు కూడా లేకుండా వెళ్లి పక్కింటి తలుపు కొట్టాడు.

"ఏం చెల్లె, నీకు ముందుగాలనే చెప్పిన గద, తంబాకు ఇయ్యకుమని! నా పెండ్లాం దవడ వచ్చి జూడు. మల్ల నింపుకున్నది. నీ తానకెల్లి గాక యాడికెల్లి వస్తది?"

జైతూన్ బీ చేతికి పిండి అంటుకుని ఉంది. భర్త పోయాక కొడుకు నదీమ్ దగ్గర ఉంటున్న మనిషి, ఎవరి చేతా మాట పడి ఎరగదు. ఆమె మొఖం ఎర్రబడింది.

"యా అల్లా, సంగప్పన్నా, గిదేం మాట? నువ్వు వద్దన్నంక ఒక్క ఆకు గుడ ఇయ్యలే. నేనే తంబాకు ఇడిసి ఏడాదైంది, దగ్గు ఎక్కువైతుందని. నా పాన్‌దాన్ తెస్త, దేవులాడుకో!"

"నువ్వు గాకుంటె ఇంకెవలు?"

"నాకేం ఎరుక? దవడల తంబాకు ఉంటె ఉమ్మితే తెలుస్తది గద. దా, ఉమ్మిపిద్దం. ఎర్రగొస్తే నేను ఈ ఇల్లే ఖాళీ జేసి పోత."

కోపంతోనే చేతులు కడుక్కుంది, కోపంతోనే పాన్‌దాన్ చంకన పెట్టుకుని వచ్చింది. ఆగమ్మ మంచం మీద ఊగుతూ ఉంది. జైతూన్ బీ ఎదురుగా కూర్చుని లేత ఆకు ఒకటి తుడిచి, ఈనె తీసి, చిన్న వక్క పలుకు పెట్టి మడిచింది. కొత్త ఆకు చూపిస్తే ఎంతటివాళ్లయినా పాతది ఉమ్మి దీన్ని అందుకుంటారని ఆమె ఆలోచన. ఆకు చూడగానే ఆగమ్మ కళ్లు వెలిగాయి. మొగుణ్ణి మరిచినా ఆకును మరవలేదు. చెయ్యి చాపి తీసుకుంది. పెదవుల దాకా తీసుకుపోయింది. అక్కడ ఆగింది. నోరు కొద్దిగా తెరిచి, మళ్లీ మూసుకుని, ఆకును గుప్పిట్లో నలిపేసి, మొఖం గోడ వైపు తిప్పుకుంది.

"ఆగక్క ఆకు వద్దన్నదా?" అంది జైతూన్ బీ. కోపం ఎటు పోయిందో, గొంతు మారిపోయింది. మెల్లగా చేతి వెనక భాగం ఆ దవడకు తాకించింది. ఫట్‌మని దెబ్బ పడింది ఆమె చేతి మీద. ఆగమ్మ దూడ అరిచినట్టు అరిచింది.

"అన్నా, ఇది తంబాకు గాదు. నిప్పు లెక్క కాలుతున్నది. జల్దీ నీ ఫోన్ల లైట్ ఎయ్యి."

ఇద్దరూ కలిసి ఎలాగో నోరు తెరిపించారు. ఫోన్ వెలుగులో సంగప్ప చూశాడు. లోపల వెనకగా ఒక పిప్పి పన్ను విరిగి నల్లటి మొదలు మిగిలింది. దాని చుట్టూ చిగురు ఉబ్బి, పగిలి, చీము కారుతోంది. మూడు వారాల్లో తను ఒక్కసారి కూడా ఆ నోట్లోకి చూడలేదు. ఆ దవడ పక్కనే కూర్చుని, ఆ దవడకే ముద్ద ఆనించి, ఆ దవడనే తువ్వాలతో రుద్ది తుడిచాడు. మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"నన్ను ఏమన్నవో తర్వాత మాట్లాడుకుందం," అంది జైతూన్ బీ. "ముందుగాల ఆటో పిలువు."

పటాన్‌చెరులో పంటి డాక్టర్ చిన్న పిల్ల, పేరు రవళి. సంగప్పకు మనవరాలి వయసు ఉంటుంది. జ్వరం చూసి, నోరు చూసి, సూది వేయించి, చీము తీసింది. గోలీలు రాసింది. బుధవారం తీసుకొస్తే పంటి మొదలు పీకేస్తానంది.

"ఎన్ని రోజుల నుంచి తింటలేదు తాతా?"

"ఇరవై రోజులైతుంది."

"నొప్పుందని చెప్పలేదా?"

"చెప్పలే బిడ్డా. నేను అడిగిన. రోజూ అడిగిన. లేదనే అన్నది."

డాక్టర్ ఆగమ్మ వైపు తిరిగి, "అమ్మా, నీ పేరు ఆగమ్మేనా?" అంది.

"లేదు," అంది ఆగమ్మ.

"ఇది గుడ నమ్ముతవా తాతా?" అంది డాక్టర్. వెక్కిరించినట్టు లేదు, అలసిపోయినట్టే ఉంది. ఉదయం నుంచి ఎన్ని నోళ్లు చూసిందో. "ఇసొంటోళ్లను నోటితోని అడిగితే లాభం లేదు. తినకపోయినా, కొట్టినా, కొత్తగ ఏం చేసినా ముందు ఒళ్లు చూడాలె. నోరు, చెవులు, కాళ్లు, మూత్రం, కడుపు. ఏదో ఒకటి నొప్పి ఉంటది. ఆమె చేతులతోటి చెప్పింది నీకు. నువ్వేం జేసినవ్?"

ఆగమ్మ మణికట్ల మీద ఎర్రటి చారలు ఇంకా ఉన్నాయి. జైతూన్ బీ అవి చూసింది. చూసి, ఆగమ్మ కొంగు తీసి ఆ చేతుల మీద కప్పింది. వరండాలో అంతేసి మాటలు పడ్డ మనిషి ఆ పని చేసేసరికి సంగప్పకు నిలబడ్డచోటనే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

మంగళవారానికి జ్వరం తగ్గింది. బుధవారం పంటి మొదలు పీకారు. ఆ సాయంత్రం చల్లారిన గంజిని ఆగమ్మ తనంతట తాను లోటా ఎత్తి తాగింది. ఊగడం ఆగింది. నిద్ర గోలీ లేకుండానే నిద్రపోయింది. రోగం మాత్రం ఎక్కడికీ పోలేదు. లేచి సంగప్పను చూసి, "ఎవలయ్యా నువ్వు?" అంది. చీర తడిపింది. ఆయన బకెట్ తెచ్చాడు. పన్ను సంగతి ఫోన్లో చెబితే సునంద, "మంచిగైంది నాయినా, ఇగ ఆశ్రమంల తొందరగ అలవాటైతది," అంది. ఆయన కాదనలేదు. నిజం చెప్పాలంటే, పోనీ అనే ఉంది లోపల. పన్ను ఒక్కటే కదా పీకింది, ఈ అలసట ఎవరు పీకుతారు? రేపు ఇంకో నొప్పి వస్తుంది, దాన్ని కూడా తనే వెతకాలి. వయసు తనకు మాత్రం ఆగిందా?

గురువారం పొద్దున తొమ్మిదింటికి సునంద సెలవు పెట్టుకుని వచ్చింది. కింద ఆటో నిలబెట్టి వచ్చింది. తల్లి మొఖం తేటపడటం చూసి సంబరపడింది, తల దువ్వింది. ఆగమ్మ కొట్టలేదు. దువ్వెన ఎడమ పక్కకు వచ్చినా కొట్టలేదు. సంచి గుమ్మం దగ్గర పెట్టారు.

"తినిపియ్యి నాయినా, తొవ్వల ఆకలైతది," అంది సునంద.

సంగప్ప పాలల్లో అన్నం మెత్తగా పిసికి పళ్లెంలో పెట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. తువ్వాల భుజం మీద ఉంది. ఆగమ్మ పళ్లాన్ని చూసింది. ఆయన భుజం మీది తువ్వాలను చూసింది. చూసి, అరవకుండా, ఏడవకుండా, రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించి ఆయన ముందుకు చాపింది. చాపి, అలాగే ఓపిగ్గా పట్టుకుని కూర్చుంది.

"ఏంది నాయినా, అమ్మ చేతులెందుకు సాపుతున్నది?"

పళ్లెం పట్టుకుంటానంటున్నదని చెప్పొచ్చు. సునంద నమ్మేది కూడా. సంగప్ప పళ్లెం కింద పెట్టాడు. తువ్వాల తీసి దూరంగా, కిటికీ దగ్గరికి విసిరేశాడు.

"కట్టుమంటున్నది బిడ్డా."

"ఏం కట్టుమంటున్నది?"

"చేతులు. కొడ్తున్నదని తువ్వాలతోని కట్టి తినిపిచ్చిన. పదకొండు రోజులు కట్టిన. పన్ను నొప్పి అని తెల్వక కట్టిన. బువ్వంటే చేతులు కట్టుడే అని నేర్సుకున్నది. నా పేరు మర్శింది, నిన్ను మర్శింది. గిది మాత్రం మర్వలే."

సునంద గబగబా మంచం దగ్గరికి వచ్చింది. తల్లి చేతుల్ని పట్టుకుని తిప్పి చూసింది. చారలు పసుపు రంగుకు తిరిగాయి. "నువ్వా?" అంది చివరికి. "నువ్వు కట్టినవా నాయినా?"

"నేనే," అన్నాడు సంగప్ప. కళ్లనీళ్లు తుడుచుకోలేదు. "నలభై మూడేండ్లు నాతోని బతికింది. దీన్ని నేనే కట్టిన. ఇగ ముక్కు మొఖం తెల్వనోళ్లు కట్టరా?"

ఆగమ్మ ఇంకా చేతులు చాపే ఉంది. ఆయన ఆ రెండు చేతుల్నీ విడదీసి, ఒకటి ఆమె ఒళ్లో పెట్టి, రెండో దాంట్లో చెంచా పెట్టాడు. ఏం చెయ్యాలో తోచక ఆమె చెంచాను చాలాసేపు చూసింది. సునంద వరండాలోకి పోయి, పిట్టగోడ మీదుగా వంగి, కింద ఎదురుచూస్తున్న ఆటో అతన్ని వెళ్లిపొమ్మంది.